జార్జి ఎవరెస్టు

గోదావరీ తీరమున వెలసిన రామగుండము, గోదావరిఖని ప్రాంతములయందు నేలపైన ఒక లోకము, నేలక్రింద మఱియొక లోకము కలవు. పైన ఇండ్లు, వీధులు, బడులు, రైలుమార్గములు కనబడును. క్రింద బొగ్గుపొరలను త్రవ్వికొనుచు పోయిన సొరంగములు, చీకటిలో పనిచేయు కార్మికులు ఉందురు. పైనున్న వారికి క్రిందివారు కనబడరు. క్రిందివారికి సూర్యుడు కనబడడు. అయినను ఏ సొరంగము ఏ వీధి క్రింద ఉన్నదో, ఏ నదీపాయకు ఎంత దూరమున ఉన్నదో గనిలోని సర్వేయరు చెప్పగలడు. మూసివేసిన పాత గనులలో నీరు నిలిచియుండును. క్రొత్త సొరంగము తెలియక ఆ నీటిని సమీపించినచో, నడుమనున్న బొగ్గుగోడ తెగి, కార్మికుల ప్రాణములకు ముప్పు వాటిల్లును. కనుక గని పటముపై గీయబడిన ప్రతి గీతయు కొందఱి ప్రాణములను కాపాడునట్టిది.

ఆ పటమునకు ఆధారమేది? భూమిపై ఒకచోటు ఇక్కడనే ఉన్నదని నిశ్చయముగా చెప్పుటయే. రామగుండము సుమారు 18 డిగ్రీల 45 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 79 డిగ్రీల 27 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. ఈ రెండు సంఖ్యలను నేడు ఉపగ్రహముల సాయమున క్షణములో తెలిసికొనవచ్చును. కాని రెండువందల సంవత్సరములకు పూర్వము ఇట్టి సంఖ్యలను సంపాదించుటకు మనుష్యులు అడవులు దాటిరి, కొండలెక్కిరి, జ్వరములపాలైరి, అనేకులు మరణించిరి. ఆ మహాకార్యమును సాగించినవారిలో జార్జి ఎవరెస్టు ముఖ్యుడు. ఆయన పేరును ప్రపంచములోని అత్యున్నత శిఖరము మోయుచున్నది. కాని ఆయన తన తొలి పరీక్షను ఎదుర్కొన్నది హిమాలయములలో కాదు. కృష్ణా గోదావరీ నదుల నడుమనున్న తెలుగు అడవులలో.

ఎవరెస్టు 1790వ సంవత్సరము జూలై 4వ తేదీన బ్రిటనులో జన్మించెను. తండ్రి న్యాయవాది. బాలుడు గణితమున మిక్కిలి చుఱుకైనవాడగుటచే ఉల్లిచిలోని సైనిక విద్యాలయమున చదివి, పదునాఱవ యేటనే ఈస్టిండియా కంపెనీవారి ఫిరంగిదళమున చేరి, 1806లో భారతదేశమునకు వచ్చెను. 1814 మొదలు రెండేండ్లు జావాద్వీపమున ఉండి ఆ ద్వీపమును సర్వే చేసెను. పిమ్మట బంగాళమునకు తిరిగివచ్చి, నదులలో పడవల రాకపోకలకు అడ్డులు తొలగించుటయందును, కలకత్తానుండి కాశీవఱకు సంకేతములచే వార్తలంపు గోపురములను ఏర్పఱచుటయందును నేర్పు చూపెను. ఆ నేర్పును గమనించి ప్రభుత్వమువారు ఆయనను కర్నలు విలియం లాంబ్టనునకు సహాయకునిగా నియమించిరి. 1818వ సంవత్సరాంతమున ఎవరెస్టు హైదరాబాదు చేరి లాంబ్టనును కలిసికొనెను. అప్పటికి శిష్యుని వయస్సు ఇరువది యెనిమిదేండ్లు, గురువు వృద్ధుడు.

లాంబ్టను చేపట్టిన పని ఏమో తెలిసినగాని ఎవరెస్టు జీవితము బోధపడదు. ఒకచోటి అక్షాంశమును నక్షత్రములవలన తెలిసికొనవచ్చును. ధ్రువనక్షత్రము దిక్చక్రమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడునో, స్వల్పమైన సవరణతో అదియే ఆ స్థలముయొక్క అక్షాంశము. రామగుండమునుండి చూచినచో ధ్రువుడు పందొమ్మిది డిగ్రీలకు కొంచెము తక్కువ ఎత్తున కనబడును. రేఖాంశమును తెలిసికొనుట ఇంత సులభము కాదు. భూమి ఇరువదినాలుగు గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. రెండు స్థలముల మధ్యాహ్నకాలములకు గల భేదము తెలిసినచో వాని రేఖాంశముల భేదము తెలియును. భారతదేశపు గడియారములు 82 1/2 డిగ్రీల రేఖాంశమును అనుసరించి నడచును. రామగుండము దానికి మూడు డిగ్రీలు పడమట ఉన్నందున, అచ్చట సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున గడియారపు పండ్రెండు గంటలకు పండ్రెండు నిమిషములు ఆలస్యమగును. ఐతే ఎండలో, వానలో, బండ్లపై కుదుపులలో ఆనాటి గడియారములు సరిగా నడచెడివి కావు. కాలగణనలో ఒక్క నిమిషము తప్పిపోయినచో, పటముమీద రామగుండము సుమారు 26 కిలోమీటర్లు ప్రక్కకు జరిగిపోవును. అట్టి పటమును నమ్మి కాలువ త్రవ్వుటగాని, గని త్రవ్వుటగాని సాధ్యమా?

అందుచే లాంబ్టను త్రికోణమును ఆశ్రయించెను. త్రికోణమున ఒక భుజము పొడవును, రెండు కోణములను తెలిసినచో మిగిలిన భుజముల పొడవులు లెక్కవలన తెలియునని బడిపిల్లలందఱకును తెలిసినదే. మొదట సమతలమైన నేలపై ఒక గీతను అత్యంత జాగ్రత్తతో కొలువవలెను. దీనికి ఆధారరేఖ యని పేరు. దాని రెండు కొనలనుండియు దూరముననున్న కొండశిఖరమును చూచి కోణములను కొలిచినచో, ఆ శిఖరమునకు పోకుండగనే దాని దూరము తెలియును. అట్లు ఏర్పడిన భుజముపై మఱియొక త్రికోణము, దానిపై మఱియొకటి నిర్మించుకొనుచు దేశమంతయు వల పన్నినట్లు కప్పవచ్చును. మొదటి స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములు నిశ్చయముగా తెలిసియున్నచో, మిగిలిన వానిని ఒక్కొక్కదానినే లెక్కకట్టవచ్చును. 1802లో మద్రాసు దాపున సెయింటు థామసు కొండవద్ద లాంబ్టను మొదటి ఆధారరేఖను కొలిచెను. దాని పొడవు ఏడున్నర మైళ్ళు. కొలుచుటకు 57 దినములు పట్టెను. పిదప 1811లో తెలుగునేలపై గుత్తివద్దను, 1815లో బీదరు ప్రాంతమునను ఇట్టి ఆధారరేఖలను కొలిచెను. కోణములను కొలుచుటకు ఆయన ఉపయోగించిన పెద్ద థియోడలైటు బరువు సుమారు అర టన్ను. 1808లో తంజావూరు గోపురముపైకి ఎక్కించుచుండగా త్రాడు తెగి అది గోడకు కొట్టుకొని వంకరపోయెను. లాంబ్టను నిరాశపడక కొన్ని వారములు ఏకాంతమున శ్రమించి దానిని తన చేతులతోనే సరిచేసెను. ఇట్టి గురువు చేతిక్రింద ఎవరెస్టు పని నేర్చుకొనెను.

1819లో హైదరాబాదునకు తూర్పుగా, కృష్ణా గోదావరుల నడుమ త్రికోణములను వ్యాపింపజేయు పని ఎవరెస్టునకు అప్పగింపబడెను. వేసవియందు ధూళిచే గాలి మసకబాఱి దూరపు కొండలు కనబడవు. వానలు కురిసి వెలిసినప్పుడు ఆకాశము కడిగినట్లు తేటపడి, దూరపు శిఖరములు స్పష్టముగా గోచరించును. కనుక వర్షకాలమే పనికి అనువైన కాలము. కాని అడవులలో విషజ్వరములు విజృంభించు కాలమును అదియే. కన్నులకు మేలుచేయు ఋతువు దేహమునకు కీడుచేయుచుండెను.

యువకుడైన ఎవరెస్టు ఈ అపాయమును లెక్కచేయలేదు. వాగులు పొంగుచుండగా పరివారముతో హైదరాబాదు విడిచి బయలుదేరెను. కాపలాగా వచ్చిన సిపాయిలు ఆ అడవిలో ముందునకు పోనొల్లక ఎదురుతిరిగిరి. ఎవరెస్టు కోపించి, ముఖ్యులైన కొందఱిని కొరడాలతో కొట్టించి, తక్కినవారిని లొంగదీసెను. ఆయన పట్టుదల ఎంతటిదో, కాఠిన్యమును అంతటిదే. భయపడినవారి భయమునకు కారణము లేకపోలేదని ఆయన త్వరలోనే అనుభవపూర్వకముగా తెలిసికొనవలసివచ్చెను.

టేకుచెట్లతో నిండిన కొండలపై సంకేతధ్వజములను నిలుపుటకు ధ్వజవాహకులు ముందుగా పోవలసియుండెను. దారిలేనిచోట చెట్లను నఱకి దారి చేసికొనుచు, పులులు తిరుగు చోట్ల రాత్రులు గడుపుచు, శిఖరముపై జెండానుగాని దీపమునుగాని నిలిపి, సర్వే పూర్తియగువఱకు కదలక ఉండవలెను. రాత్రివేళ దీపమును చూచి కొలుచుట పగటి జెండాను చూచి కొలుచుటకంటె మేలని ఎవరెస్టు గ్రహించెను. పని చుఱుకుగా సాగుచుండెను. ఇంతలో యెల్లాపురము అడవియందు ఎవరెస్టునకు తీవ్రమైన జ్వరము వచ్చెను. కొలది దినములలోనే ఆయన పరివారములో దాదాపు నూటయేబదిమంది ఒక్కుమ్మడిగా మంచము పట్టిరి. వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును అగు డాక్టరు వాయిసీ సైతము జ్వరపీడితుడాయెను. రోగులకు పరిచర్య చేయుటకు ఆరోగ్యవంతులు కరవైరి. వార్త తెలిసి హైదరాబాదునుండి ఏనుగులను, డోలీలను పంపి వారిని మోసికొనిపోయిరి. దారిలోనే సుమారు పదునైదుగురు ప్రాణములు విడిచిరి. వారి పేర్లు ఏ శిఖరమునకును పెట్టబడలేదు.

ఆనాడు ఆ జ్వరము అడవిగాలివలన వచ్చునని అందఱును తలచిరి. దోమకాటువలన వచ్చునని ఎవరికిని తెలియదు. హైదరాబాదునకు ప్రక్కనే ఉన్న సికింద్రాబాదులో 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనువఱకు ఈ రహస్యము బయటపడలేదు.

కొంత కోలుకొనగానే ఎవరెస్టు మరల పనికి పోయెను. మరల జ్వరము తిరుగబెట్టెను. 1820లో ఆయనను చికిత్సార్థము దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోపు అగ్రమునకు పంపిరి. అచ్చటను ఆయన ఊరకుండలేదు. పూర్వము లకేయీ అను ఫ్రెంచి పండితుడు ఆ ప్రదేశమున చేసిన కొలతలనుబట్టి దక్షిణార్ధగోళపు ఆకారము వేఱుగా ఉన్నదని శాస్త్రజ్ఞులు సందేహపడుచుండిరి. ఎవరెస్టు ఆ ప్రదేశమును పరిశీలించి, ప్రక్కనున్న పర్వతములు లంబసూత్రపు గుండును తమవైపు కొంచెము ఆకర్షించుటయే ఆ దోషమునకు కారణమై యుండవలెనని సూచించెను. నిట్టనిలువుగా వ్రేలాడునని మనము నమ్ము గుండును కూడ కొండ ప్రక్కకు లాగగలదని గుర్తించుట సామాన్యవిషయము కాదు.

1823వ సంవత్సరము జనవరి 20వ తేదీన, నాగపురమునకు పోవుచు మార్గమధ్యమున హింగన్‌ఘాటునందు లాంబ్టను మరణించెను. కన్యాకుమారి దాపునుండి 78వ రేఖాంశమును అనుసరించి ఉత్తరముగా సాగుచున్న మహాచాపము మధ్య భారతమున ఆగిపోయెను. ఆ భారము ఎవరెస్టుమీద పడెను. పూర్వపు జ్వరము ఆయనను పూర్తిగా విడువలేదు. కాలుసేతులు పట్టుతప్పినందున, నక్షత్రములను చూచు యంత్రమువద్ద ఆయనను ఇద్దఱు మనుష్యులు ఎత్తి కూర్చుండబెట్టి, మరల ఎత్తి దింపవలసివచ్చెను. ఆ స్థితిలోనే ఆయన 1824లో మధ్యభారతమునందలి సిరోంజువఱకు పనిని సాగించెను. తాను మరణించినచో పని మరల ఆగిపోవునను భయమే ఆయనను తొందరపెట్టెనని చెప్పవచ్చును. 1825లో శరీరము పూర్తిగా చెడి ఇంగ్లండునకు పోయెను.

ఆ విశ్రాంతికాలమును ఆయన వ్యర్థపుచ్చలేదు. లాంబ్టను ఉపయోగించిన ఉక్కుగొలుసు ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. ఈ దోషమును తొలగించుటకై కర్నలు కోల్బీ ఇనుమును ఇత్తడిని జతపఱచి పదియడుగుల కడ్డీలను నిర్మించియుండెను. రెండు లోహములు వేఱువేఱుగా సాగినను, వాని కొనలయందలి గుర్తుల నడుమ దూరము మాఱకుండునట్లు అవి అమర్చబడెను. అట్టి కడ్డీలను, క్రొత్త థియోడలైటులను తీసికొని ఎవరెస్టు 1830లో భారతదేశపు సర్వేయరు జనరలుగా తిరిగివచ్చెను. ఆ యేడే భూమియొక్క ఆకారమునుగూర్చి ఆయన లెక్కలు వెలువడెను. ఆ లెక్కలనుబట్టి భూమధ్యరేఖవద్ద భూమి వ్యాసార్ధము సుమారు 6,377 కిలోమీటర్లు. ఆ కొలతనే ఆధారము చేసికొని భారతదేశపు పటములు ఒకటిన్నర శతాబ్దమునకు పైగా తయారుచేయబడెను.

ఉత్తరమున గంగా మైదానము మఱియొక విధమైన చిక్కును కలిగించెను. తెలుగుదేశమున అడవులు అడ్డు. అచ్చట కొండలే లేవు. దూరము చూచుటకు ఎత్తు లేకపోగా, తోపులు, ఇండ్లు చూపునకు అడ్డుపడెను. ఎవరెస్టు సుమారు యాబది అడుగుల ఎత్తుగల గోపురములను కట్టించి, వానిపై యంత్రములనెక్కించి కోణములను కొలిపించెను. చూపు పోవు దారికి అడ్డువచ్చిన చెట్లను నఱకించెను. కొన్నిచోట్ల ఇండ్లను పడగొట్టించెను. గోపురములపైనుండి దుర్భిణిలో తమ అంతఃపురములను చూచుచున్నారని ప్రజలు అనుమానించి బాధపడిరి. పరాయి ప్రభుత్వమువారు తమ పరిపాలనకొఱకు, పన్నులకొఱకు, సైన్యములకొఱకు దేశమును కొలిపించుచున్నారనుట సత్యము. ఆ కొలతవలన కలిగిన జ్ఞానము మాత్రము పాలకులతో పోలేదు, దేశమునకే మిగిలెను.

ఈ కార్యమున భారతీయుల పాత్ర సామాన్యమైనది కాదు. కలకత్తా హిందూకళాశాల విద్యార్థియగు రాధానాథ సిక్దారు 1831లో నెలకు ముప్పది రూపాయల జీతముపై గణకుడుగా చేరెను. ఆయన గణితప్రజ్ఞకు ఎవరెస్టు ఆశ్చర్యపడి, ఆయనను వేఱొక కొలువునకు పోనీయక తనవద్దనే నిలుపుకొనెను. ఆర్కాటు ప్రాంతపువాడగు సయ్యదు మీరు మొహసిను హుసేను యంత్రములను బాగుచేయుటలో అసమానుడు. ఆంగ్ల నిపుణుడు వెళ్ళిపోయిన పిమ్మట పెద్ద థియోడలైటుల చక్రములపై డిగ్రీల గీతలను మరల గీయు సూక్ష్మమైన పనిని ఆయనయే నిర్వహించెను. శీఘ్రకోపియగు ఎవరెస్టు తన క్రింది ఉద్యోగులను కఠినముగా మందలించెడివాడు. అయినను ప్రతిభ ఎచ్చట కనబడినను, జాతిభేదము పాటింపక గుర్తించుట ఆయనయందలి గొప్పగుణము.

1834, 1835 సంవత్సరములలో హిమాలయముల పాదమున డెహరాడూనువద్ద ఆధారరేఖను కొలిచిరి. అది ఎవరెస్టు జీవితమునకే పరీక్ష. సిరోంజునుండి వందలాది మైళ్ళు త్రికోణముల గుండా లెక్కించుకొనుచు వచ్చిన పొడవును, నేలపై కడ్డీలతో కొలిచిన పొడవును సరిపోవలెను. సరిపోనిచో నడుమ ఎచ్చటనో తప్పు జరిగినట్లే. సిరోంజు రేఖను క్రొత్త కడ్డీలతో మరల కొలిపించి లెక్కచూడగా, ఏడు మైళ్ళకు పైబడిన రేఖలో భేదము సుమారు ఏడు అంగుళములు మాత్రమే వచ్చెను. 1841లో ఆయన సహాయకుడు ఆండ్రూ వా బీదరు ఆధారరేఖను మరల కొలిచెను. దానితో కన్యాకుమారి ప్రాంతమునుండి ముస్సోరి కొండలవఱకు, సుమారు 2,400 కిలోమీటర్ల పొడవుగల మహాచాపము పూర్తియాయెను. లాంబ్టను ప్రారంభించిన నాటినుండి దాదాపు నలువదేండ్లు గడచెను.

1843లో ఎవరెస్టు ఉద్యోగమును విరమించి స్వదేశమునకు పోయెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1866వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన లండనులో మరణించెను.

ఆయన వెళ్ళిన పిమ్మట వా నాయకత్వమున త్రికోణములు హిమాలయముల వెంబడి సాగెను. పదునైదవ శిఖరమని గుర్తింపబడిన కొండ ఎత్తు 29,002 అడుగులని లెక్కవలన తేలెను. ఆ గణనలో సిక్దారు కృషి మిక్కిలి ముఖ్యమైనది. 1856లో వా ఆ శిఖరమునకు తన గురువు పేరు పెట్టవలెనని ప్రతిపాదించెను. ఎవరెస్టు దానికి సంతోషింపలేదు. స్థలములను ఆయా దేశీయులు పిలుచు పేర్లతోనే పిలువవలెనని ఆయన నియమము. తన పేరు హిందీలో వ్రాయుటకు అనువుగా ఉండదనియు, ఈ దేశపు ప్రజలు దానిని పలుకలేరనియు ఆయన అభ్యంతరము చెప్పెను. అయినను 1865లో ఆ పేరే స్థిరపడెను. నేడు మారుమూల పల్లెలోని చిన్నపిల్లలును ఆ పేరును పలుకుచున్నారు. ఇంత జాగ్రత్తగా కోణములను కొలిచినవాడు ఈ ఒక్క విషయమున మాత్రము పొరబడెను.

ఎవరెస్టు మరణించిన కొలదికాలమునకే, 1871లో డాక్టరు కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. తరువాత గోదావరీలోయ పొడవునను సింగరేణి గనులు వెలసెను. ఒకనాడు మనుష్యులు జ్వరముతో కూలిపోయిన తెలుగు అడవులు కాలక్రమమున గనులకును పట్టణములకును నిలయములాయెను. నేడు ఉపగ్రహములు మన స్థానమును తెలుపుచున్నవి. ఎవరెస్టు లెక్కించిన భూమి ఆకారమునకు మాఱుగా అంతకంటె సూక్ష్మమైన కొలతలు వచ్చినవి. కాని ఉపగ్రహపు సంకేతము భూగర్భములోనికి చొరలేదు. గనిలో సర్వేయరు నేటికిని పైనున్న గుర్తును ఆధారముగా గొని, కోణము తరువాత కోణమును, భుజము తరువాత భుజమును కొలుచుచు చీకటిలోనికి దిగవలసినదే. కొలిచినదానిని మరల కొలిచి, సరిపోల్చి, తప్పును దాచక దిద్దుకొనుట ఆతని ధర్మము. లాంబ్టను, ఎవరెస్టు, సిక్దారు, మొహసిను హుసేను, పేరు తెలియని ఆ ధ్వజవాహకులు ఆచరించినదియు ఆ ధర్మమునే. దానిని మఱువని సర్వేయరు గీసిన పటమును నమ్మియే కార్మికుడు ప్రతిదినమును నిర్భయముగా గనిలోనికి దిగుచున్నాడు; సాయంకాలమున క్షేమముగా ఇల్లు చేరుచున్నాడు.